రామోజీ చెల్లుచీటీ, రామదాసు లెక్క

భద్రాచలం రాముడి కథలో బాకీ తీరిన రాత్రి ఒకటి ఉంది. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న, మనం రామదాసు అని పిలుచుకునే ఆయనే, పాల్వంచ పరగణాకు తహసీల్దారయ్యాడు. సర్కారుకు చేరాల్సిన శిస్తు సొమ్ముతో గోదావరి ఒడ్డున గుడి కట్టించాడు. గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా ఆయన్ని ఖైదులో వేయించాడు. పన్నెండేళ్లు గడిచాక ఒక రాత్రి ఇద్దరు యువకులు తానీషా పడకగదిలో కనిపించి, తమ పేర్లు రామోజీ, లక్ష్మోజీ అని చెప్పి, గోపన్న తరఫున ఆరు లక్షల మొహరీలు లెక్కగట్టి ఇచ్చి, చెల్లుచీటీ రాయించుకుని వెళ్లిపోయారు. వాళ్లు మారుపేర్లతో వచ్చిన రామలక్ష్మణులేనని జనం నమ్మకం. ఈ చివరి ఘట్టం చరిత్రకు అందేది కాదు. అయినా మూడు వందల ఏళ్లకు పైగా జనం నోట నిలిచింది.

హరికథల్లో విన్నాం, సినిమాల్లో చూశాం. భక్తిని కాసేపు పక్కన పెట్టి దీన్ని బాకీ వ్యవహారంగా చదవండి. బాకీ కట్టినవాళ్లు సొంత పేరు చెప్పలేదు. మీ ఊరేది, మీ తండ్రెవరు అని తానీషా నిలదీయలేదు. సొమ్ము సరిపోయింది, చీటీ రాసిచ్చాడు, ఖైదీ విడుదలయ్యాడు. పేరు మారుపేరే అయినా చెల్లింపు నిజం, చీటీ నిజం. బ్లాక్‌చెయిన్ అనే కొత్త లెక్కల పద్ధతి లోకానికి చెబుతున్న మాట కూడా ఇదే. మనిషి ఎవరో తెలియక్కర్లేదు, చెల్లిందో లేదో తెలిస్తే చాలు. ఆ మాట మీద ఆటలు కట్టారు, ఆటల మీద వ్యాపారాలు కట్టారు. ఆ వ్యాపారుల్లో ఎందరో మారుపేర్లతోనే తిరిగారు. వాళ్లను రామోజీ పక్కన నిలబెట్టి చూడాలని ఈ వ్యాసం. ఆ పక్కనే గోపన్ననీ, ఈ భద్రాచలం అడవి అంచున మనందరికీ తెలిసిన బినామీనీ నిలబెడతాను.

పేరు లేని లెక్క

2008 అక్టోబరు 31న సతోషి నకమోటో అనే పేరుతో ఒకరో కొందరో తొమ్మిది పేజీల పత్రం ఇంటర్నెట్‌లో పెట్టారు. 2009 జనవరి 3న బిట్‌కాయిన్ మొదలైంది. 2011 తర్వాత ఆ పేరుతో మాట్లాడినవాళ్లు మళ్లీ నమ్మదగ్గ విధంగా కనబడలేదు. అది ఎవరి మారుపేరో ఇప్పటికీ తేలలేదు.

ఆ పత్రంలోని ఊహను ఊళ్లో చిట్టీ పాడేవాళ్లకు చెప్పడం తేలిక. చిట్టీ లెక్క నడిపేవాళ్ల పుస్తకంలో ఒక్కచోటే ఉంటే, వాళ్లు ఊరు వదిలిన రోజు సభ్యులంతా మునుగుతారు. అదే పుస్తకం నకలు ప్రతి సభ్యుడి ఇంట్లో ఉండి, ఒక పేజీలో అంకె దిద్దితే ఆ తర్వాతి పేజీలేవీ పొసగకుండా పోయేట్టు కడితే, దొంగలెక్క రాయడం ఎవరి తరమూ కాదు. బ్లాక్‌చెయిన్ అంటే అలాంటి పుస్తకం. అందులో మనుషుల పేర్లుండవు. అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక పొడుగాటి చిరునామా ఉంటుంది, దాన్ని తెరిచే తాళంచెవి ఒకటి ఉంటుంది. తాళంచెవి ఎవరి దగ్గరుంటే సొమ్ము వాళ్లది.

ఆటలవాళ్లకు ఇది నచ్చింది. మామూలు ఫోన్ ఆటలో మనం కొన్న కత్తి, పెంచిన బొమ్మ కంపెనీ సొత్తు. ఆట మూతపడితే అవీ పోతాయి. ఈ పుస్తకంలో రాసుకుంటే బొమ్మ మీద హక్కు ఆడేవాడి పేరున, అంటే అతని చిరునామా పేరున ఉంటుంది. అమ్ముకోవచ్చు, అద్దెకివ్వచ్చు. 2017 చివర్లో క్రిప్టోకిట్టీస్ అనే పిల్లుల ఆట వచ్చి, కొనుగోళ్ల రద్దీతో ఈథీరియం అనే బ్లాక్‌చెయిన్ నెట్‌వర్క్‌నే నిదానించేలా చేసింది. ఆ తర్వాతే ‘ఆడు, సంపాదించు’ అన్న నినాదం పుట్టింది.

మారుపేరుకి ఉన్న మర్యాద

మారుపేరు అనగానే మోసం అనేవాళ్లతో నేను ఏకీభవించను. భాగవతుల సదాశివశంకర శాస్త్రి ఆరుద్ర అయ్యాడు. బీనాదేవి అన్న పేరు వెనక ఉన్నది భార్యాభర్తలిద్దరు. అది తెలిసినప్పుడు తెలుగు పాఠకుడెవరూ మోసపోయానని అనుకోలేదు. కొనుక్కున్న పుస్తకం చేతిలో ఉంది. నచ్చకపోతే నష్టం ఆ పుస్తకం వెలతో ఆగిపోతుంది. రచయిత దగ్గర పాఠకుడు తర్వాత వసూలు చేసుకోవాల్సిన బాకీ ఏమీ లేదు.

మన సమాజంలో మారుపేరుకి ఇంకో పని కూడా ఉంది. తెలుగు ఇంటిపేరు కులాన్ని పట్టిస్తుంది. కుంజా అన్నా, సోడి అన్నా, మడకం అన్నా ఈ ప్రాంతంలో అవతలివాడికి వెంటనే తెలిసిపోతుంది, వచ్చినవాడు కోయ ఇంటి బిడ్డ అని. అలా తెలిశాక గొంతు మారే సందర్భాలు ఎన్నో ఉన్నాయి. చింతూరు నుంచో చర్ల నుంచో ఒక కుర్రాడు ఆటలోకి ఒక పులి బొమ్మతో, తనే పెట్టుకున్న పేరుతో దిగితే, అక్కడ అతని ఆట తప్ప మరేదీ ఎవరికీ కనబడదు. ఆడపిల్లలైతే సొంత పేరు, ఫొటో పెట్టిన మరుక్షణం నుంచి వచ్చే చెత్త సందేశాల బాధ తప్పించుకోవడానికే మారుపేరు పెట్టుకుంటారు. ఇది వాళ్లకి రక్షణ. దీన్ని తీసేయమనే హక్కు ఎవరికీ లేదు.

ఈ అడవి అంచున మారుపేరు ప్రాణానికి కాపు కూడా అయింది. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలోనూ, ఆ తర్వాతి దశాబ్దాల్లోనూ అజ్ఞాతంలోకి వెళ్లినవాళ్లకు అడవిలో ఇంకో పేరుండేది. వాళ్ల దారి మంచిదా చెడ్డదా అన్న చర్చ వేరు. ఆ పేరుకి జనంలో ఉన్న విలువంతా ఆ మనిషి నడతను బట్టే వచ్చేదన్నది మాత్రం ఇక్కడివాళ్లందరూ ఎరుగుదురు.

కాబట్టి మారుపేరు తప్పా ఒప్పా అన్న ప్రశ్న దగ్గర ఆగిపోతే ఏమీ తేలదు. ఎక్కడ చెల్లుతుంది, ఎక్కడ చెల్లదు అని అడగాలి. దానికి జవాబు భద్రాచలం గుడిలోనే ఉంది. హుండీ దగ్గర నిలబడి చూడండి. నూరు రూపాయలు వేసినవాడికీ, మెడలోని గొలుసు తీసి వేసినావిడకీ అక్కడ పేరు లేదు, అడిగేవాళ్లూ లేరు. అదే హుండీ విప్పి లెక్కపెట్టే రోజు సంగతి వేరు. కార్యనిర్వహణాధికారి ఉండాలి, సిబ్బంది ఉండాలి, లెక్కించింది ఎంతో పత్రికలకు చెప్పాలి, సంతకాలు పడాలి. వేసేవాడికి పేరు అక్కర్లేదు, విప్పేవాడికి కావాలి. రామోజీ మారుపేరు మనకు తప్పుగా తోచకపోవడానికి కారణం ఇదే. ఆయన సొమ్ము ఇచ్చిపోయాడు, ఎవరి దగ్గరా పుచ్చుకోలేదు. వ్యవహారం ఆ రాత్రే ముగిసింది.

రెండు ఆటలు

ఇప్పుడు రెండు వ్యాపారాల్ని ఈ కొలతతో చూద్దాం.

మొదటిది యాక్సీ ఇన్ఫినిటీ. 2018లో వియత్నాంలో పెట్టిన స్కై మావిస్ కంపెనీది. చిన్నచిన్న జంతువుల బొమ్మలు కొని, పెంచి, పోటీలకు దించే ఆట. స్థాపకుల్లో ట్రుంగ్ న్గుయెన్ ఉన్నాడు, అలెగ్జాండర్ లార్సెన్ ఉన్నాడు, జెఫ్ జిర్లిన్ ఉన్నాడు. జిర్లిన్‌ను ఆటగాళ్లంతా ‘జిహో’ అనే పిలిచేవాళ్లు. ఆటలో మారుపేరు, కంపెనీ కాగితాల మీద అసలు పేరు. ఒకటి చెబితే రెండోది తెలిసేది.

రెండోది స్క్విడ్ టోకెన్. 2021 సెప్టెంబరులో వచ్చిన ‘స్క్విడ్ గేమ్’ కొరియా సీరియల్ ప్రపంచమంతా చూసింది. అక్టోబరు చివర్లో, ఆ సీరియల్‌తో సంబంధం లేనివాళ్లెవరో దాని పేరుతో టోకెన్, అంటే బ్లాక్‌చెయిన్ మీది నాణెం, అమ్మకానికి పెట్టారు. నవంబరులో ఆట మొదలవుతుంది, ఆడి గెలిచినవాళ్లు సంపాదించుకోవచ్చు అన్నారు. నవంబరు 1 నాటికి ఒక్కో టోకెన్ ధర 2,800 డాలర్లు దాటింది. కొన్నవాళ్లు అమ్ముకుందామంటే దారి లేదు, కొనడానికి మాత్రమే తలుపు తెరిచి ఉంది. అదే రోజు నిమిషాల వ్యవధిలో ధర సున్నాకు చేరింది. వెబ్‌సైట్ మాయమైంది, ఖాతాలు మాయమయ్యాయి. సుమారు 33 లక్షల డాలర్లతో నడిపినవాళ్లూ మాయమయ్యారు.

పైకి చూస్తే రెండూ ఒకే సరుకు. టోకెన్ ఉంది, ఆట పేరు ఉంది, సంపాదన ఆశ ఉంది, లావాదేవీలన్నీ బ్లాక్‌చెయిన్ మీద అందరికీ కనబడుతూనే ఉన్నాయి. స్క్విడ్ విషయంలో కూడా సొమ్ము ఏ చిరునామా నుంచి ఏ చిరునామాకు పోయిందో పుస్తకంలో రాసే ఉంది. లెక్క తప్పలేదు, మనిషి దొరకలేదు. బ్లాక్‌చెయిన్‌ను మెచ్చుకునేవాళ్లు గమనించాల్సిన చోటు ఇది. చెల్లుచీటీ పదిలంగా ఉండటం వేరు, బాకీ వసూలు కావడం వేరు. చీటీ పట్టుకుని వెళ్లడానికి ఒక గడప ఉండాలి.

ఈ రెంటికీ మధ్యలో మూడో రకం ఉంది. బోర్డ్ ఏప్ యాట్ క్లబ్ పేరుతో కోతి బొమ్మలు అమ్మిన యూగా ల్యాబ్స్ స్థాపకులు మొదట గార్గమెల్, గోర్డన్ గోనర్ అన్న పేర్లతోనే ఉన్నారు. 2022 ఫిబ్రవరిలో బజ్‌ఫీడ్ న్యూస్ విలేకరి కంపెనీ రిజిస్ట్రేషన్ కాగితాలు వెతికి వాళ్లు గ్రెగ్ సొలానో, వైలీ ఆరోనో అని బయటపెట్టింది. అభిమానులు ఆమె మీద విరుచుకుపడ్డారు, మనిషి ఏకాంతాన్ని బజారుకీడ్చిందన్నారు. ఆ మరుసటి నెలలోనే కంపెనీ 45 కోట్ల డాలర్ల పెట్టుబడి తెచ్చుకుంది. ఏప్రిల్ చివర్లో ‘అదర్‌సైడ్’ అనే రాబోయే ఆటలో స్థలాలు అమ్మింది. ఇంకా కట్టని లోకంలో స్థలం అమ్మేవాడి పేరు కొనేవాడికి తెలియాలా వద్దా? తెలియాలి. బొమ్మలు గీసుకున్నన్నాళ్లు గార్గమెల్ అన్న పేరు వాళ్ల సొంత విషయం. జనం సొమ్ము చేతికొచ్చిన రోజు నుంచి అది హుండీ విప్పేవాడి పేరు.

అరువిచ్చిన సంతకం

మన దగ్గర మూడో మనిషి ఇంకా మిగిలి ఉన్నాడు, బినామీ. ఈ మాట పారసీ నుంచి వచ్చింది, పేరు లేనిదని అర్థం. భద్రాచలం ఏజెన్సీలో దీన్ని వివరించనక్కర్లేదు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనల్ని 1970లో గట్టిపరిచిన చట్టాన్ని జనం ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అంటారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడు భూమి కొనడానికి వీల్లేదు. అందుకని కొనేవాడి డబ్బు, గిరిజనుడి పేరు కలిసి ఒక వ్యవహారం నడుస్తుంది. కాగితం మీద యజమాని ఒకడు, అనుభవించేవాడు ఇంకొకడు. పేరిచ్చినవాడికి దక్కేది చాలా తక్కువ. పోలీసో రెవెన్యూ అధికారో వస్తే మొదట పిలిచేది మాత్రం అతన్నే.

రామోజీ పేరు దాచుకుని తన సొమ్ము ఇచ్చాడు. బినామీ వెనక ఉన్నవాడు పేరు దాచుకుని ఇతరుల హక్కు తీసుకుంటాడు. రెండూ దాచడమే అయినా దిశలు వేరు.

యాక్సీ ఆటలో ఈ బినామీ పోలిక ఇంకో రూపంలో కనబడుతుంది. ఆట మొదలుపెట్టాలంటే మూడు బొమ్మలు కొనాలి. గిరాకీ బాగా ఉన్న 2021లో వాటికి వందల డాలర్లు పెట్టాల్సి వచ్చేది. అంత పెట్టలేనివాళ్ల కోసం ‘స్కాలర్‌షిప్’ పద్ధతి వచ్చింది. బొమ్మలున్న ‘మేనేజర్’ తన ఖాతాను పేదవాడికి ఆడటానికిస్తాడు, సంపాదనలో ఇద్దరికీ వాటా. ఫిలిప్పీన్స్‌లో కొవిడ్ రోజుల్లో పనులు పోయినవాళ్లు వేలాదిగా ఇలా ఆడి ఇల్లు నడుపుకున్నారు. ఈ మేలును తక్కువ చేయను. ఒక్కటి మాత్రం చూడండి. తాళంచెవి మేనేజర్ దగ్గరే. ఆడేవాడికి లోపలికి వెళ్లడానికి ఒక క్యూఆర్ కోడ్ ఇచ్చేవాడు. అది పనిచేసినన్నాళ్లే అతను ఆటగాడు. రోజంతా గెలిచింది అతను, పుస్తకంలో రాసి ఉన్నది మేనేజర్ చిరునామా.

ఖమ్మం జిల్లాలో కౌలుకు మిర్చి వేసే రైతుకు ఇది కొత్తగా అనిపించదు. చెమట అతనిది, పాస్‌బుక్ పట్టాదారుది. 2018లో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి పంటకు నాలుగు వేలు పట్టాదారుకు చెక్కుగా అందాయి, కౌలుదారుకు రాలేదు. పుస్తకంలో పేరు లేనివాడికి సర్కారు సాయమైనా అందదు, ఆటలో హక్కయినా దక్కదు. ఆడేవాడి బొమ్మ ఆడేవాడిదే అన్న నినాదంతో మొదలైన పరిశ్రమ, బొమ్మ లేనివాణ్ని చివరికి కౌలుదారునే చేసింది.

పేరు అరువివ్వడంలోని ప్రమాదం ఆ కంపెనీకే తగిలింది. యాక్సీ సొమ్మంతా నడిచే రోనిన్ నెట్‌వర్క్‌లో తొమ్మిది ధ్రువీకరణ తాళాలుండేవి. ఐదు సంతకాలు పడితే సొమ్ము కదులుతుంది. నాలుగు స్కై మావిస్ దగ్గరే ఉన్నాయి. 2021 నవంబరులో రద్దీ పెరిగి పని మోయలేక, ఆటగాళ్ల సమాఖ్య తాళం తరఫున కూడా సంతకం పెట్టే అనుమతి కంపెనీ తీసుకుంది. డిసెంబరులో ఆ అవసరం తీరింది. అనుమతిని వెనక్కి తీసుకోవడం మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. 2022 మార్చి 23న దొంగలు నాలుగు తాళాలూ చేజిక్కించుకుని, ఐదోదాన్ని ఆ మరిచిపోయిన అనుమతి మీదుగా తెరిచారు. 1,73,600 ఈథర్ (ఈథీరియం నాణేలు), 2.55 కోట్ల డాలర్ల విలువైన మరో నాణెం, అన్నీ కలిపి 60 కోట్ల డాలర్లకు పైగా పోయింది. ఆరు రోజుల తర్వాత ఒక వాడకందారు తన 5,000 ఈథర్ తీసుకోబోతే రాకపోవడంతో సంగతి బయటపడింది. ఉత్తర కొరియాకు చెందిన లాజరస్ ముఠా పని ఇదని ఏప్రిల్‌లో అమెరికా ఎఫ్‌బీఐ ప్రకటించింది. ఉద్యోగం ఇస్తామంటూ దొంగపేర్లతో ఒక ఇంజనీరును పలకరించి, జీతం వివరాల పత్రం పేరుతో పంపిన ఫైలుతో లోపలికి చొరబడ్డారని తర్వాత వార్తలొచ్చాయి.

మన ఊళ్లలో బ్యాంకు ఖాతా ‘కొన్నాళ్లు వాడుకుని ఇస్తాం, నెలకింత ఇస్తాం’ అని అడిగి తీసుకునేవాళ్లున్నారు. ఇచ్చిన కుర్రాడు ఆ సంగతి మరిచిపోయాక, ఎక్కడో ఎవరినో దోచిన సొమ్ము ఆ ఖాతాలో పడి, పోలీసులు అతని ఇంటికే వస్తారు. సంతకం అరువిస్తే ఏమవుతుందో కోట్ల డాలర్ల కంపెనీకైనా బూర్గంపహాడ్ కుర్రాడికైనా పాఠం ఒకటే.

జెండా పాట

ధర విషయం కూడా చెప్పుకోవాలి. ఖమ్మం మిర్చి యార్డులో తెల్లవారేసరికి బస్తాలు వరసలు కట్టి ఉంటాయి. రైతు బస్తా మూతి విప్పి కాయ కనబడేట్టు పెడతాడు. అధికారులు, వ్యాపారులు, కమీషన్‌దారులు మేలైన ఒక లాటు దగ్గర గుంపుగా చేరతారు, పాట మొదలవుతుంది. ఎవరి పాట పైన నిలిస్తే అదే ఆ రోజు జెండా పాట. పేపర్లో వచ్చేదీ, ఫోన్లలో ఊరూరా తిరిగేదీ ఆ అంకే. తర్వాత వ్యాపారి ఒక్కో లాటు దగ్గరకొచ్చి గుప్పెడు కాయ తీసి నలిపి చూస్తాడు. తేమ ఉందంటాడు, తాలు ఉందంటాడు, రంగు దిగిందంటాడు. జెండా ధర విని బండి కట్టుకొచ్చిన రైతు దానికంటే ఎంతో తక్కువకు తూకం వేయించుకుని ఇంటికి పోతాడు.

యాక్సీలో ఆడి సంపాదించే టోకెన్ ధర 2021 జులైలో సుమారు 40 సెంట్లు. ఆ అంకె ప్రపంచమంతా తిరిగింది. అది విని అప్పుచేసి బొమ్మలు కొన్నవాళ్లు ఆటలోకి వచ్చేసరికి ధర జారడం మొదలైంది. 2022 మధ్యకు ఒక సెంటు కూడా పలకలేదు. కారణం కంటికి కనబడేదే. ఆడేకొద్దీ టోకెన్లు పుడుతూనే ఉన్నాయి. వాటికి గిరాకీ కొత్తగా ఆటలోకి వచ్చేవాళ్ల మీదే ఆధారపడింది. కొత్తవాళ్లు తగ్గిన రోజు పాతవాళ్ల సంపాదన ఆగిపోయింది. మిర్చి ధర పడినా ఎవరో ఒకరు కూరలో వేసుకుంటారు. ఈ టోకెన్‌కి ఆ ఆట దాటితే వాడకం లేదు.

నష్టం వచ్చిన రోజు

2017లో మిర్చి ధర కుప్పకూలింది. ఏప్రిల్ 28న ఖమ్మం మార్కెట్‌లో రైతుల కోపం కట్టలు తెంచుకుంది, కార్యాలయం ధ్వంసమైంది. తర్వాత పదిమంది రైతుల్ని బేడీలతో కోర్టుకు తీసుకొచ్చిన ఫొటోలు రాష్ట్రమంతా చూసింది. ఆ బేడీలు సిగ్గుచేటు అని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. ఆ రోజు రైతు దగ్గర ఉన్నదేమిటో, స్క్విడ్ టోకెన్ కొన్నవాడి దగ్గర లేనిదేమిటో చూడండి. రైతుకి వెళ్లి నిలదీయడానికి ఒక గేటుంది, ఒక కార్యాలయం ఉంది, జవాబు చెప్పాల్సిన మంత్రి ఉన్నాడు. పోరాడి ఓడినా, ఎవరి మీద పోరాడుతున్నాడో అతనికి తెలుసు. టోకెన్ కొన్నవాడికి తిట్టడానికి కూడా మనిషి లేడు.

యాక్సీ విషయంలో మనుషులున్నారు. సొమ్ము పోయిందని తెలియగానే స్కై మావిస్ స్థాపకులు సొంత పేర్లతో బయటికొచ్చి, వాడకందారుల సొమ్ము తిరిగి కడతామన్నారు. క్రిప్టో ఎక్స్ఛేంజి బైనాన్స్ ముందు నిలిచి, మరికొందరితో కలిసి 15 కోట్ల డాలర్లు పెట్టింది, కంపెనీ తన సొమ్ము కలిపింది. 2022 జూన్ 28న రోనిన్‌లోకీ బయటికీ సొమ్ము కదిలే వంతెన మళ్లీ తెరిచి, వాడకందారుల సొమ్ముకు పూర్తి పూచీ ఉందని ప్రకటించారు. దొంగ మారుపేరుతో వచ్చాడు, బాకీ తీర్చింది అసలు పేరున్నవాళ్లు. భద్రాచలం కథ ఇక్కడ తలకిందులైంది.

ఇది యాక్సీకి నేనిచ్చే కితాబు కాదు. తిరిగొచ్చింది దొంగలెత్తుకుపోయిన సొమ్ము. టోకెన్ ధర పడి మునిగినవాళ్లకు ఎవరూ ఏమీ కట్టలేదు. తొమ్మిది తాళాల్లో నాలుగింటిని ఒకే చోట పెట్టుకుని, ఎవరినీ నమ్మక్కర్లేని వ్యవస్థ అని చెప్పుకోవడం వాళ్ల తప్పే. అయినా రెండింటిలో దేనికి గౌరవమివ్వాలంటే యాక్సీకే ఇస్తాను. దాని తప్పుల్ని ఈ వ్యాసంలో పేర్లూ తేదీలతో సహా రాయగలిగాను. స్క్విడ్ వెనక ఉన్నవాళ్ల గురించి ఒక్క పేరు కూడా రాయలేకపోయాను.

గోపన్న పద్ధతి

ఇక మిగిలింది గోపన్న. ఆయన చేసింది ధర్మమా కాదా అని ఈనాటికీ వాదించుకోవచ్చు. సర్కారు సొమ్ముకు అనుమతి లేకుండా గుడి కట్టడం పద్ధతి కాదు, ఆ మాట నేనూ అంటాను. కానీ చూడండి, పాల్వంచ నుంచి భద్రాచలం దాకా అడవే. దాక్కోదలిస్తే అంతకన్నా అనువైన చోటు లేదు. కథలో ఆయన పారిపోయిన ఘట్టం ఎక్కడా లేదు. ఖైదులో పాడుకున్న కీర్తనల్లో ఒకదాంట్లో ఏ నగకు ఎంతైందో మొహరీలతో, వరహాలతో సహా రాముడికి అప్పజెప్పాడు. ఆ లెక్క మూడు వందల ఏళ్లుగా సభల్లో, గుళ్లలో అందరి ముందూ పాడుతున్నాం. కీర్తన చివర తన పేరు పెట్టుకున్నాడు. లెక్క బహిరంగం, పేరు బహిరంగం.

బ్లాక్‌చెయిన్ ఆటల వ్యాపారులు తమను రామోజీతో పోల్చుకుంటారు. చీటీ ఉంది కదా, పేరెందుకు అంటారు. వాళ్లు సొమ్ము ఇచ్చేవాళ్లయితే ఆ పోలిక సరిపోయేది. పుచ్చుకునేవాళ్లు కాబట్టి వాళ్లకు తగిన కొలత గోపన్న. పేరు దాచి పుచ్చుకుంటే దానికి మన ఏజెన్సీలో వేరే పేరుంది, ముందే చెప్పుకున్నాం.

పేరూ లెక్కా రెండూ కలిసి నడవలేవనడం కూడా నిజం కాదు. చిట్‌ఫండ్ కంపెనీల లెక్కల్ని బ్లాక్‌చెయిన్ మీద నమోదు చేసే ‘టీ-చిట్స్’ పద్ధతి తెలంగాణలోనే వచ్చింది. అందులో కంపెనీ పేరు రిజిస్ట్రార్‌కు తెలుసు, లెక్క ఎవరూ దిద్దలేరు. ఇటు చట్టం కూడా బిగిసింది. ఆన్‌లైన్ పందెం ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆపాయి. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను ఉంది. 2023 మార్చి నుంచి క్రిప్టో వ్యాపార సంస్థలు ఖాతాదారు ఎవరో తెలుసుకుని తీరాలి. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం డబ్బు పెట్టి డబ్బు ఆశించే ఆన్‌లైన్ ఆట నైపుణ్యానిదైనా అదృష్టానిదైనా నిషిద్ధమే. నడిపితే మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. పందెంగా పెట్టే నాణేల్ని, టోకెన్లను కూడా చట్టం లెక్కలోకి తీసుకుంది.

అందుకని ఈ ప్రాంతపు పిల్లలకు రెండు మాటలు. ఆడండి, ఏ పేరుతోనైనా ఆడండి. బొమ్మలు గీయగలిగినవాళ్లు, కోడ్ రాయగలిగినవాళ్లు ఈ రంగంలో పనిచేయండి, మీ పులి బొమ్మ వెనకే ఉండి పనిచేయండి. కానీ ఇంకొకరి సొమ్ము మీ చేతికి వచ్చే రోజున మీ అసలు పేరు, చిరునామా, తాళంచెవులు ఎవరెవరి దగ్గరున్నాయో ఆ వివరం బయట పెట్టండి. పెట్టలేకపోతే ఆ సొమ్ము ముట్టుకోకండి. సొమ్ము పెట్టేవాళ్లు ఒక్క ప్రశ్న అడగండి: ఇది మునిగితే ఏ ఊళ్లో, ఏ గడప ముందు నిలబడాలి? జవాబు రాకపోతే వెనక్కి రండి. ఇప్పటికే మోసపోయి ఉంటే సిగ్గుపడి దాచకండి, సైబర్ నేరాల ఫిర్యాదుకు 1930 నంబరు ఉంది, ఎంత త్వరగా చెబితే సొమ్ము ఆపే వీలు అంత ఎక్కువ.

రామోజీ ఆ రాత్రి వచ్చి వెళ్లిన దారి ఎవరికీ తెలియదు. గోపన్న ఉన్న ఖైదు గది మాత్రం గోల్కొండ కోటలో ఇప్పటికీ ఉంది, జనం దాన్ని రామదాసు బందీఖానా అనే పిలుస్తారు.